కుక్కలతో రావచ్చు

“నా ఇడ్లీ ఎవరు తిన్నారండీ?”

శివరామకృష్ణ గారు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ప్లేటులో చట్నీ ఒక్కటే మిగిలింది. పక్క బల్ల కింద ఎవరిదో లాబ్రడార్ మూతి నాక్కుంటోంది.

“వేడివి ఇంకో రెండు తెస్తానండి,” అన్నాడు చిట్టియ్య పెనం దగ్గర నుంచి.

“ఇడ్లీ సంగతి కాదయ్యా! ఇది హోటలా, పశువుల ఆసుపత్రా? మొన్న ఒక పొమేరియన్ నా చెప్పు పట్టుకుపోయింది. కాలనీ సంఘం కార్యదర్శిని, ఒంటి చెప్పుతో ఇంటికెళ్ళాను.”

హోటలంతా నవ్వింది. ఆయనకు ఇంకా మండింది.

“ఆదివారం లోపల ఆ బోర్డు తీసెయ్. లేదంటే మా కాలనీ మనిషి ఒక్కడు కూడా నీ గుమ్మం తొక్కడు.”

లాలాచెరువు దాటాక కొత్తగా లేచిన ఆ కాలనీలో టిఫిన్ హోటళ్ళు నాలుగున్నాయి. గుమ్మం మీద ‘కుక్కలతో రావచ్చు’ అని బోర్డు పెట్టింది మాత్రం చిట్టియ్య ఒక్కడే. ఉప్పాడలో ఇల్లు సముద్రంలో కలిసిపోయాక, అక్కడి చీరల కొట్లో ఏం విన్నాడో గానీ, కాకినాడలో తమ్ముళ్ళు రమ్మన్నా వినకుండా రాజమండ్రికే వెళ్దామని పట్టుబట్టాడు. హోటలు తెరిచిన రోజే ఆ బోర్డు తగిలించాడు. ఏదో శనిదోషానికి పరిహారమని కాలనీ వాళ్ళు అనుకున్నారు. పెద్ద ఊళ్ళలో ఇలాంటివి బాగా నడుస్తున్నాయని ఫోన్లో చూసి ఉంటాడని అతని భార్య మరిడమ్మ అనుకుంది.

కుక్క లోపలికి వస్తే చాలు, చిట్టియ్య అట్లకాడ పక్కన పడేసి దాని ముందు గొంతుక్కూర్చునేవాడు. స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టేవాడు. ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘మీ చుట్టాల కుక్కలున్నా తీసుకురండి’ అని రాసేవాడు. ఆ పిలుపు విని ధవళేశ్వరం నుంచి ఒకాయన ఏకంగా మూడు కుక్కల్ని ఆటోలో తెచ్చాడు.

“మనుషులు తగ్గుతున్నారు, కుక్కలు పెరుగుతున్నాయి,” అంది మరిడమ్మ ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ. “ఆయన అన్నంత పనీ చేస్తాడు. ఆ చెక్కముక్కలో ఏముందయ్యా నీకు?”

“ఆదివారం దాకా చూద్దామే.”

“చూసి?”

చిట్టియ్య తువ్వాలు తీసుకుని బోర్డు మీద దుమ్ము తుడవడానికి వెళ్ళాడు.

ఆదివారం రానే వచ్చింది. ఎనిమిదయినా బల్లలన్నీ ఖాళీ. ఎదురుగా రోడ్డవతలి హోటల్లో శివరామకృష్ణ గారు కాలనీ వాళ్ళందరినీ వెంటేసుకుని కూర్చుని, ఇటు చూస్తూ మరీ పెసరట్టు తింటున్నారు. మరిడమ్మ విసురుగా సంచీ తీసుకుని చేపల మార్కెట్టుకి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తాడు. తాడు చివర గోధుమరంగు నాటుకుక్క.

“నిజంగా లోపలికి రావచ్చాండీ? అందరూ వీణ్ణి బయట కట్టెయ్యమంటున్నారు.”

చిట్టియ్య తలెత్తాడు. జవాబు చెప్పేలోపే కుక్క తాడు విడిపించుకుని బల్లల మధ్య నుంచి దూసుకొచ్చింది. రెండు కాళ్ళూ అతని గుండెల మీద వేసి మొహమంతా నాకేసింది.

“బ్రూనో! దిగు! ఏవీ అనుకోకండి. వీడెప్పుడూ ఎవరి దగ్గరికీ పోడు.”

“చేపలు కడిగిన చేతులండి. అందుకనే,” అన్నాడు చిట్టియ్య, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. “కూర్చోండి మీరు.”

పెద్దాయన పేరు ప్రసన్నకుమార్. లూథరన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కాఫీ వచ్చేలోపే కబుర్లు మొదలుపెట్టాడు.

“నిరుడు నాకు పక్షవాతం వచ్చిందండి. డాక్టరు నడవమన్నాడు. నేను మంచం దిగనన్నాను. అప్పుడు మా కోడలు చీర కొంటానని ఉప్పాడ వెళ్ళి, ఒడ్డున ఒంటరిగా తిరుగుతున్న వీణ్ణి తెచ్చింది!” ఆయన పకపకా నవ్వాడు. “వీడు ఊరుకుంటాడా? పొద్దున్నే దుప్పటి లాగేస్తాడు. మొదట గేటు దాకా, తర్వాత వీధి చివరి దాకా. ఇవాళ ఇంత దూరం లాక్కొచ్చాడు.”

“వీడు లేకపోతేనండి?”

“మళ్ళీ మంచమే,” అన్నాడు మాస్టారు, నవ్వు ఆపి.

చిట్టియ్య లోపలికి వెళ్ళి రాత్రి కూరలోంచి చేప ముక్క తెచ్చాడు. ముల్లు ముల్లూ ఏరి అరచేతిలో పెట్టాడు. కుక్క తిన్నాక కూడా ఆ చేతిలోనే మూతి పెట్టుకుని పడుకుంది. కాఫీ అయిపోయింది. మాస్టారు లేచాడు. కుక్క మాత్రం లేవలేదు.

“రారా బ్రూనో. ఏంట్రా ఇది, సిగ్గులేకుండా?”

తాడు లాగినా కదల్లేదు. మాస్టారు ఒక్క క్షణం తూలాడు. చిట్టియ్య గబుక్కున ఆయన్ని పట్టుకున్నాడు. తర్వాత కుక్కని తనే లేపి, గుమ్మం దాకా నడిపించి, తాడు ఆయన చేతికి రెండు చుట్లు చుట్టాడు.

“వెళ్ళరా,” అన్నాడు దాని వీపు తట్టి. “మాస్టారు గారు పడిపోకుండా చూసుకో. నెమ్మదిగా తీసుకెళ్ళు.”

వాళ్ళు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

మరిడమ్మ తిరిగి వచ్చేసరికి హోటలంతా మాడిన అట్టు వాసన. బోర్డు ఊడదీసి గోడకు బోర్లించి ఉంది. చిట్టియ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“తీసేశావా! కార్యదర్శి గారు వచ్చి మళ్ళీ కేకలేశారా?”

“ఆయన రాలేదు.”

“మరి? నేను ఇన్నాళ్ళు మొత్తుకున్నా తియ్యనివాడివి...” ఆమె సంచీ దించి దగ్గరికొచ్చింది. “ఏంటయ్యా, కళ్ళు అలా ఉన్నాయి?”

చిట్టియ్య కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

“మన టైగర్ వచ్చి వెళ్ళాడే.”