కుర్చీలు వేసిన చోటు

"వాటి మీద చెయ్యి వెయ్యకు హోలిస్. ఎవరో వేసుకున్న కుర్చీలవి," అంది వెల్డా, ట్రక్కు దిగకుండానే.

ఆమె మొగుడు హోలిస్ టార్‌ప్లీ అప్పటికే ఒక కుర్చీ మడిచేశాడు. తెల్లవారుజామున జార్జియా రాష్ట్రం దక్షిణపు కొస నుంచి బయల్దేరి, మధ్యాహ్నం దాకా ఆ యూనివర్సిటీ ఊరి చుట్టూ తిరిగాడు. మర్నాడు ఫుట్‌బాల్ ఆట. ఊళ్ళో హోటల్ గది అన్నది లేదు. టెంట్ వేసుకునే చోట్లన్నీ నిండిపోయాయి. ఏటి పక్కన అడిగితే బస్సంత బండి ఉన్నవాళ్ళకే అన్నారు. కొండ మీద అడిగితే అక్కడి కాపలాదారు నవ్వి, వచ్చే ఏడాదికి రమ్మన్నాడు. చివరికి ఈ చెరువు గట్టున, పైన్ చెట్ల కింద, మనుషులు లేని చోటు ఒక్కటి కనిపించింది. దాని బల్ల మీద నీలం గళ్ళ గుడ్డ పరిచి, గాలికి ఎగరకుండా క్లిప్పులు పెట్టి ఉంది. పక్కన రెండు మడత కుర్చీలు.

ఆ గట్టున ముందుగా రాయించుకునే పద్ధతి లేదు. ఎవరు ముందొస్తే వాళ్ళది. బల్ల మీద గుడ్డ పరిచి కుర్చీ వేసి వెళ్ళారంటే ఆ చోటు తీసుకున్నట్టే. ఎంత రద్దీ రోజైనా ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి హోలిస్‌కి తెలియక కాదు. చిన్నప్పట్నించీ తనూ అలా గుడ్డ పరిచి చేపలకి పోయినవాడే.

"రేపు పొద్దున ఆటకి ముందు టెస్సా మొదటిసారి యూనివర్సిటీ బ్యాండ్‌లో నడుస్తుంది," అన్నాడు. "నా కూతురు ట్రాంబోన్ బాకా పట్టుకుని వీధిలో నడుస్తుంటే నేను అక్కడ లేకపోవడమా? ఈ కుర్చీలు ఎవరి పిల్లనీ చూడ్డానికి రాలేదుగా."

ఆ కూతురే రావొద్దన్నదని వెల్డా గుర్తుచేసింది. నిజమే. ఎక్కడా చోటు దొరకదు నాన్నా, టీవీలో చూడండి అని టెస్సా ముందే చెప్పింది. హోలిస్ వినిపించుకోలేదు. కుర్చీలూ గుడ్డా ట్రక్కు వెనక పడేసి, మీద టార్పాలిన్ కప్పాడు. వచ్చేశామని కూతురికి చెబుదామని ఫోన్ తీశాడు గాని, ఆ చెట్ల కింద సిగ్నల్ అందలేదు.

టెంట్ మేకులు కొడుతుండగా ఒక ముసలాయన భార్యతో వచ్చాడు. ఆయన పేరు క్లోవిస్, ఆవిడ ఎర్లీన్. ఆ ఊరి వాళ్ళేనట, కాస్త అవతల వాళ్ళ టెంట్. ముసలాయన టోపీ తీసి, ప్రయాణం బాగా జరిగిందా అని పలకరించాడు. ఎర్లీన్ ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచి ఒకటి వెల్డా చేతిలో పెట్టింది. అది ఇంకా వెచ్చగానే ఉంది. అప్పుడు అడిగాడు ముసలాయన.

"నాయనా, పొద్దున ఇక్కడ రెండు కుర్చీలు వేసి పోయాను. చూశావా?"

"లేదండీ పెద్దాయనా. మేం వచ్చేసరికి ఖాళీగానే ఉంది."

అబద్ధం అంత తేలిగ్గా తన నోట్లోంచి వస్తుందని హోలిస్ అనుకోలేదు. ముసలాయన కాదనలేదు, గట్టిగా మాట్లాడలేదు. బల్ల కేసి చూశాడు, పైన్ చెట్టు కేసి చూశాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ అలాగే చేశావు క్లోవిస్. ఇంకెక్కడో వేసుంటావు. మొన్న కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టలేదూ?"

"ఇక్కడే వేశాను ఎర్లీన్," అన్నాడాయన. బల్ల అంచు తడిమి చూసి, "ఇక్కడే వేసినట్టుంది," అన్నాడు.

ఇద్దరూ గట్టు వెంట ప్రతి బల్ల దగ్గరా ఆగి అడుగుతూ వెళ్ళారు. తీసిన టోపీ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కొందరు తల అడ్డంగా ఊపారు. ఒకడు నవ్వాడు. హోలిస్ మళ్ళీ సుత్తి ఎత్తాడు గాని మేకు మీద దెబ్బ సరిగా పడలేదు. వాళ్ళు అటు తిరిగినప్పుడు కుర్చీలు పట్టుకెళ్ళి స్నానాల గదుల వెనక పెట్టేస్తానన్నాడు, గొంతు తగ్గించి.

"పెట్టు. అక్కడ దొరికితే తన బుర్ర పోయిందని ఆ ముసలాయన ఖాయం చేసుకుంటాడు," అంది వెల్డా. శెనక్కాయల సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. ఒక్కటీ ఒలవలేదు.

హోలిస్ సుత్తి కింద పెట్టాడు. చెప్పేద్దామనే అనుకున్నాడు. నేనే తీశానండీ, తప్పయిపోయింది, ఇవిగో మీ కుర్చీలు, మేం వెళ్ళిపోతాం అని మనసులో మాటలు పేర్చుకున్నాడు. టెస్సా నడవడం చూడకపోయినా సరే అనుకున్నాడు. ఈలోగా వాళ్ళే తిరిగొచ్చారు. ఆ కాసేపట్లోనే ముసలాయనకి ఇంకా వయసు మీద పడినట్టుంది.

"నిన్ను అనుమానించినట్టు అడిగానేమో, ఏమీ అనుకోకు నాయనా," అన్నాడు. "ఈమధ్య నాకు సరిగా గుర్తుండటం లేదు."

హోలిస్ నోరు తెరిచాడు. ఎర్లీన్ ముందే అందుకుంది.

"మీరు రాత్రికి ఇక్కడే ఉంటారు కదా, మాకొక సాయం చెయ్యండి. ఆ కుర్చీలు మా కోసం వేసుకున్నవి కావు. మా చర్చికొచ్చే ఒక పిల్ల బతిమాలితే, వాళ్ళ అమ్మానాన్నల కోసం పట్టిపెట్టాం. వద్దన్నా వాళ్ళ నాన్న బయల్దేరి వస్తాడని ఆ పిల్లకి తెలుసట. వాళ్ళొస్తే మా చోట్లో దిగమనండి, మేం ఊళ్ళోవాళ్ళమే, ఇంటికెళ్ళి పడుకుంటాం. ఆయన పేరు హోలిస్ టార్‌ప్లీ."