చంద్రలోకంలో అట్టు

గురువారం పొద్దున్నే ఆబిడ్స్‌లో పత్రికల బంకు దగ్గర నిలబడి వారపత్రిక చివరి పేజీ తిరగేసిన అమరేశ్వరరావు నీరుగారిపోయాడు.

ఆ పేజీ అడుగున ఒకే వరుసలో ఉండే ఆరు బొమ్మలు అతనివే. మాటలుండవు, బొమ్మలే. ఒక్కో బొమ్మా విడిగా బ్లాకు చేయించి ప్రెస్సుకిస్తాడు. సీరియల్ పేరు ‘చంద్రలోకంలో తాతారావు’. అమెరికావాళ్ళూ రష్యావాళ్ళూ పోటీలు పడి రాకెట్లు వదులుతున్న రోజులు కదా, వాళ్ళకంటే ముందు మనవాడొకణ్ణి పంపేద్దామని అతని సరదా. తాతారావు రాకెట్టెక్కి ఏడాదయింది. పాపం, ఇంతవరకూ చూసి నవ్విన మనిషి లేడు. ఇంట్లో జానకి కూడా, “బాగానే ఉంది, వంకాయలు తెచ్చారా?” అంటుంది.

పోయిన వారం ఎడిటరు సోమయాజులు తేల్చి చెప్పేశాడు.

“ఇదే ఆఖరండీ. ఈసారి కూడా ఎవరూ నవ్వకపోతే ఆ జాగా తలనూనె ప్రకటనకిచ్చేస్తాను.”

ఆ ఆఖరి ఆరు బొమ్మల కోసం అమరేశ్వరరావు కంటి మీద కునుకు లేకుండా పనిచేశాడు. గీసిందే గీసి, చెరిపిందే చెరిపి, మెడలు పట్టేశాయి. ఇప్పుడు పత్రిక మడిచి చంకలో పెట్టుకుని, ఆశ చావక ముందే చేయించిన వచ్చే వారం బ్లాకుల పొట్లం చేత పట్టుకుని, ఎడిటరుతో అనాల్సిన నాలుగు మాటలూ లోపలే కూడబలుక్కుంటూ నాంపల్లి వైపు నడిచాడు. కోపం రావలసింది. అదీ రాలేదు. దానికీ ఓపిక కావాలి మరి.

స్టేషనెదుట ఇరానీ హోటల్లోంచి ఎవరో కేకేశారు.

“ఆర్టిస్ట్ సాబ్! గీడ రాండ్రి, జర కూసోండ్రి!”

శ్యామ్‌సుందర్. ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం అతనిది. ఎదురుగా కూర్చున్నది సెక్రటేరియట్ గుమాస్తా జగన్మోహనరావు, ఏలూరాయన. ఇద్దరి మధ్యా బల్ల మీద పత్రిక పరిచి ఉంది. జగన్మోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయట.

“ఏం దిమాక్ సార్ మీది!” అన్నాడు శ్యామ్‌సుందర్. “మొదాలు తాతారావు ఖాళీ పళ్ళెం పట్టుకొని ఏడుస్తుండు. ఎందుకేడుస్తుండో తెల్వదు. ఎనక రాకెట్ కూలిపోయి ఉన్నది. పక్క బొమ్మల చూస్తే, కూలిన రాకెట్ లేచి నిలబడ్డది! దాని అద్దానికి అతుక్కున్న అట్టు ఊడి, పైకెళ్ళి వచ్చి పెనంల పడ్డది!”

“ఆఖరికి పిండి మళ్ళీ గిన్నెలోకి పోయింది,” అందుకున్నాడు జగన్మోహనరావు. “వెధవకి ఆకలీ తీరలేదు, అట్టూ దక్కలేదు. అయినా గరిటె పట్టుకుని ఎంత హాయిగా నవ్వుతున్నాడో చూడండి! అదీ విశేషం.”

“చంద్రలోకంల కాలం ఎనకకు నడుస్తదన్నట్టు. గడియారాలోన్ని, నాకే తట్టలే!”

“సైన్సు ప్రకారం అలా కుదరదనుకోండి.”

“సైన్స్ గొడవ నీకెందుకయ్యా? నవ్వినవా లేదా?”

“నవ్వాననుకోండి.”

అమరేశ్వరరావు చాయ్ ముందు పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏడాదిగా ఎదురుచూసిన నవ్వు ఎదురుగా కూర్చుని ఉంది. చాయ్ మాత్రం చేదుగా ఉంది.

“నిజంగానే నచ్చిందా మీకు?”

“గదేం మాట సార్! ఏమనుకోకుండ్రి గానీ, ఇన్నొద్దులు మీరు గీసినయన్నీ పాసిపోయిన ఉప్మా. గిదీ అసలు సరుకు!”

ఏమీ అనుకోలేదు. చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

పత్రికాఫీసు రెండు సందుల అవతల. కింద ప్రెస్సు, మీద ఎడిటరు. మెట్లు సగం ఎక్కేసరికే సోమయాజులు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పొద్దుట్నుంచీ ఫోను మోగుతూనే ఉందండీ! ఎవరో టీచరమ్మట, క్లాసులో పిల్లలకు చూపిస్తుందట. మా ఆవిడ నవ్వింది. మా ఆవిడండీ! తలనూనెవాణ్ణి పొమ్మన్నాను.”

“అందులో నా గొప్పేమీ లేదండీ,” అన్నాడు అమరేశ్వరరావు. “ఆ మాట చెప్పాలనే వచ్చాను. అసలు నేను గీసిందేమిటంటే...”

“ఆ వినయమే వద్దంటాను. పెద్ద పెద్దవాళ్ళంతా ఇలాగే అంటారు. వచ్చే వారం బ్లాకులు తెచ్చారా?”

“తెచ్చాను.”

“ఇవీ ఇలాగే ఉంటాయి కదా?”

అమరేశ్వరరావు గోడకు చేరగిలబడ్డాడు. ఏడాది పాటు గీసిన బొమ్మలన్నీ గుర్తొచ్చాయి. పాసిపోయిన ఉప్మా గుర్తొచ్చింది. ఆ తరువాత తలనూనె గుర్తొచ్చింది. సిగ్గేసింది. కానీ సిగ్గును పట్టుకుని వేళ్ళాడే శక్తి కూడా ఆ పూట అతనిలో లేదు.

“ఉంటాయండీ,” అన్నాడు.

మెట్లు దిగి ప్రెస్సులోకి వెళ్ళాడు. సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. తెలుగు పేజీలు కట్టే సాయన్న జ్వరమని రావడం మానేసిన దగ్గర్నుంచీ వారపత్రిక పేజీలు కూడా రెండో కంపోజిటరు కిషనే కడుతున్నాడు. నిజాం కాలంలో చదువుకున్న మనిషి, పెద్దవాడు. అమరేశ్వరరావును చూడగానే స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

“సార్, నేనే మీ దగ్గరికొద్దామనుకున్న...”

“కూర్చో కిషన్,” అని అమరేశ్వరరావు కొత్త బ్లాకుల పొట్లం అతని చేతిలో పెట్టి, “మొన్న ఉర్దూ పుస్తకాల అలవాటుకొద్దీ నా ఆరు బొమ్మల్నీ కుడి నుంచి ఎడమకు పేర్చేశావు చూడు, వీటినీ అలాగే పేర్చు,” అన్నాడు.