పొక్కుల అక్షరాలు

"ఏంట్రా గంగరాజూ, అక్షరాలకి గజ్జి పట్టిందేంటి?"

అచ్చుకూటం యజమాని చంద్రరావుగారు కాగితాన్ని వెలుగులోకి ఎత్తి చూశారు. 'మశూచికం' అని పెద్ద పెద్ద అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒళ్ళంతా చుక్కలు.

గంగరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజమండ్రిలో గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, వల వదిలేసి, కర్ర మీద అక్షరాలు చెక్కడం నేర్చుకుంటున్నాడు. పని ఇంకా సగమే వచ్చింది గాని పిచ్చి మాత్రం నిండా పట్టింది. చదవకముందే అక్షరం కళ్ళకి తగలాలంటాడు. 'వాన' అని చెక్కితే ధార కారాలి, 'పులి' అంటే చారలుండాలి. ఇన్నాళ్ళూ చంద్రరావుగారు నవ్వి ఊరుకున్నారు. ఇది సర్కారు పని, టీకాల ప్రకటన.

"అక్షరం చదవడానికిరా, బొమ్మలా చూడ్డానికి కాదు."

"చదవడం రానివాళ్ళ కోసమేనండి ఇది. మా పేటలో అక్షరమ్ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనండి."

అదీ నిజమే. కిందటిసారి టీకాలాయన పంచిన కాగితాల్లో పేటవాళ్ళు ఎండుచేపలు చుట్టుకున్నారు. ఆయన వస్తున్నాడని తెలియగానే పిల్లల్ని పడవల్లో వేసుకుని గోదారి మధ్య లంకల్లోకి పోయారు. సూది గుచ్చితే అమ్మవారికి కోపం వస్తుందట. ఈ విషయంలో గంగరాజు అత్త సుబ్బాయమ్మ అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది. దోగాడుతున్న మనవణ్ణి, గంగరాజు కొడుకుని, తన ఇంటికి ఎత్తుకుపోయి తలుపు గడియ వేసుకుంది.

వచ్చే శుక్రవారం టీకాలాయన మళ్ళీ వస్తాడు. ఈసారీ పేట ఖాళీ అయితే ఈ ఏటికిక రాడు. పక్క ఊళ్ళో అప్పుడే పాడెలు లేస్తున్నాయి. తన కొడుకు చేతికి ఆ సూది పడాలి, పేటలో పిల్లలందరికీ పడాలి. గంగరాజుకి లోకంలో ఇంకే కోరికా లేదు.

"ఒక్కసారి చెక్కనివ్వండి బాబుగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే పట్టుకున్నాడు.

"లే, లే! ఆ తడిబట్టలేంట్రా? ఆ గడ్డమేంటి? మంగలి దొరకలేదా?"

"గోదాట్లో మునిగి వస్తున్నానండి. మొక్కు ఉందండి."

మొక్కు అంటే ఎవరు మాత్రం కాదంటారు? చంద్రరావుగారు మెత్తబడ్డారు.

ఆ సాయంత్రం గంగరాజు ఇంటికెళ్ళి, చాప మీద పడుకున్న కూతురు చిట్టెమ్మ పక్కన కూర్చుని కాగితం పట్టుకున్నాడు. ఏ కొత్త అచ్చుకైనా మొదటి పరీక్ష ఆ పిల్లే. ఆరేళ్ళది, చదువు లేదు. అది చెప్పిందే అతనికి వేదం.

"ఇవేంటో చెప్పమ్మా."

"నువ్వులు."

గంగరాజు దాని మొహంకేసి చాలాసేపు చూశాడు. నువ్వుల్ని చూసి ఎవడు భయపడతాడు? మర్నాడు మళ్ళీ ఉలి పట్టాడు. నల్లటి అక్షరంలో తెల్లటి పొక్కు పడాలంటే కర్రలో గుంట తవ్వాలి. గుంట పెద్దదైతే అక్షరమే విరుగుతుంది. రెండు అచ్చులు విరిగాయి. చంద్రరావుగారి నోట తిట్లు పడ్డాయి. మూడో అచ్చు నిలిచింది.

"ఇప్పుడు చెప్పమ్మా."

"ముత్యాలు," అంది చిట్టెమ్మ, నీరసంగా.

భార్య రామలక్ష్మి పోపు లేని పప్పు వడ్డిస్తూ ఆ మాట విని చటుక్కున ఆగిపోయింది. "చాలయ్యా నీ ఆటలు. అమ్మతోనా ఆటలు?" అంది ఏడుపు గొంతుతో.

గంగరాజు కంచం పక్కకి జరిపాడు. ముత్యాలంటే ఆడవాళ్ళు మురిసిపోతారు. టీకాకి చెయ్యి చాపరు. రోజులు చూస్తే ఆగడం లేదు. దీపం దగ్గరికి జరుపుకుని, కూతురివైపు చూస్తూ, చూస్తూ, వేలితో గాల్లో గీతలు గీశాడు.

ఈసారి చుక్కల్ని చుక్కల్లా ఉంచలేదు. ఒకదాన్నొకటి ఒరుసుకునేలా నింపాడు. అక్షరాల్నే వాచేలా చెక్కాడు. గుడులు, కొమ్ములు ఉబ్బి మూసుకుపోయాయి. చెక్కుతుంటే కళ్ళు మసకబారి ఉలి వేలికి దిగింది. అతనికి తెలియనే లేదు.

అచ్చు తీసిన కాగితం చూసి చంద్రరావుగారు వెనక్కి అడుగేశారు. చేతిని ఉత్తరీయానికి తుడుచుకున్నారు.

"ఇదే వెయ్యి. ముందు దీన్ని నా ఎదట నుంచి తీసెయ్."

శుక్రవారానికి పేటలో గోడలన్నిటి మీదా, ఒడ్డున బోర్లించిన పడవల మీదా అవే అక్షరాలు. ఎవరూ చదవలేదు. చదవనక్కర్లేకపోయింది. వలలు బాగుచేసుకునే మగవాళ్ళు చేతిలో పని వదిలి లేచారు. ఆడవాళ్ళు పిల్లల్ని కొంగు చాటుకి లాక్కుని, లంకలవైపు కాక టీకాలాయన బల్లవైపు నడిచారు. అందరికంటే చివర సుబ్బాయమ్మ గడియ తీసింది. మనవణ్ణి తనే ఎత్తుకొచ్చి, వాడి చెయ్యి తనే పట్టుకుంది. సూది దిగి వాడు గుక్కపెట్టి ఏడిస్తే, గంగరాజు వాడికంటే పెద్దగా ఏడ్చాడు.

"సరిగ్గా పొక్కుని పొక్కులా దించావయ్యా," అన్నాడు టీకాలాయన. "ఏ పుస్తకంలో చూశావు?"

గంగరాజు మిగిలిన ఒక్క కాగితం మడిచి ఇంటికి పరుగెత్తాడు.

"తమ్ముడికి టీకా పడింది చిట్టెమ్మా! పేటంతా గోడల మీద ఇదే అంటించాం. ఇదేంటో చెప్పు తల్లీ."

వాచిన రెప్పల్ని కష్టం మీద విప్పి చిట్టెమ్మ ఆ కాగితాన్ని చూసింది, సందు లేకుండా పొక్కిన తన చేతుల్ని చూసుకుంది, "నన్నెందుకు గోడలకి అంటించావు నాన్నా?" అంది.