వాడని ఇంకు

"చెయ్యి తియ్యప్పా! ముందు చెయ్యి తియ్యి!"

శివరాజ్ అరుపుకి పెద్దాయన ఉలిక్కిపడి, చేతిలోని ఇంకు బాటిల్‌ని ప్రింటర్ పక్కన పెట్టేశాడు.

సూళగిరి బస్టాండు ఎదుట శివరాజ్ ఫొటో ప్రింటింగ్ షాపు. కప్పులు, టీషర్టులు, టైల్స్ మీద బొమ్మలు వేస్తాడు. ప్రింటర్ కాగితం మీద వేసిన బొమ్మని వేడి ప్రెస్సు టైల్లోకి దింపుతుంది.

పెద్దాయనకి అరవై ఉంటాయి. నెరిసిన క్రాపు, గుబురు మీసం, చంకలో పసుపు గుడ్డసంచి.

"ఇదేం ఇంకప్పా? కంపెనీ పేరే లేదే?"

"నీకెందుకు? ముఖేశ్ పంపినాడా నిన్ను?"

హోసూరులో ప్రింటర్లూ ఇంకులూ అమ్మే ముఖేశ్ పేరెత్తితేనే శివరాజ్‌కి ఒళ్లుమంట.

ప్రింటర్ కొనేముందు శివరాజ్ మహానుభావుడు మూడు నెలలు తిరిగాడు. గ్యారంటీ ఎన్నేళ్లు, రిపేరుకి మనిషి వస్తాడా అని షాపులవాళ్ల ప్రాణాలు తోడేశాడు. చివరికి మంచిదే కొన్నాడు. ఇంకు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోనులో చవగ్గా కనిపించిందేదో తెప్పించుకున్నాడు.

"అది ఎండకు నిలవదు శివరాజ్, ప్రింటర్‌కి తగిన ఇంకు పొయ్యి" అన్నాడు ముఖేశ్.

"నీ సరుకు అమ్ముకునేకి చెప్తా ఉండావు" అని నలుగురిలో తిట్టి వచ్చాడు మనవాడు.

"ముఖేశెవరో నాకు తెలీదప్పా" అన్నాడు పెద్దాయన. "నేను వచ్చిందేమంటే..."

"నువ్వేం చెప్పద్దు. దిగు."

పెద్దాయన సంచి ముడి విప్పబోయాడు. శివరాజ్ ఆ చేతిని పట్టుకుని మెట్లు దింపేశాడు.

"సాంపిల్ చూపించేకి ఇంకో షాపు చూసుకో. పొద్దున్నే దరిద్రం!"

చివరి మాట వినపడాలనే గట్టిగా అన్నాడు. వినపడింది.

"పెద్దాయనను అట్ల అంటారా?" అంది సుగంధి. ఆమె కృష్ణగిరి తమిళ పిల్ల. శివరాజ్‌తో పెళ్లై ఏడు నెలలు. తెలుగు ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది.

"బోణీ కాకముందే ఇంకు మీద చెయ్యేస్తే ఊరుకుంటారా? బోణీ అంటే ఏమనుకున్నావు? షాపు తెరిచిన దినం అత్తిముగం నుంచి గుండూ మీసమూ గీయించుకున్న ఒకాయన వచ్చినాడు. పెళ్లాం కర్మ చేసి నేరుగా ఈడికే! ఆమె పటం టైలు మీద వేయించుకున్నాడు. వెనక నా చేత్తోనే బోణీ అని రాసిచ్చినాను. ఆ చేతి బోణీతోనే మనం అన్నం తింటా ఉండాము. మళ్లా కనపడితే కాళ్లకు మొక్కుతా!"

సుగంధి తలూపింది. ఆమె ఈ కథ వినడం నూరోసారి.

ఆ వారమే మత్తూరు నుంచి మేస్త్రి మారియప్ప వచ్చాడు. చేన్లలో సమాధులు కట్టడం ఆయన పని.

"నలభై సమాధులకు పటాలు కావాల. ఎండావానలకు నిలిస్తే ఇంక నా పనంతా నీకే. నిలవకపోతే మాత్రం చూడు!"

శివరాజ్‌కి సంతోషం, దానెనకే భయం. కప్పులంటే ఇంట్లో ఉంటాయి. సమాధి పటం ఎండలోనే బతకాలి. తిట్టిన నోటితోనే పోయి ముఖేశ్‌ని ఇంకు అడగాలా?

మర్నాడు టైల్స్ కోసం కృష్ణగిరి పోయి వచ్చేసరికి బల్ల పక్కన పసుపు సంచి ఉంది.

"ఆ పెద్దాయన మళ్లా వచ్చినాడు" అంది సుగంధి. "ప్రెస్సు కుయ్యిమని ఒకటే కూత. ఒక్క మాట చెప్పి, బస్సు కదులుతా ఉందని పరిగెత్తినాడు."

"ఏమన్నాడు?"

"మన ఇంకు వాడదంట. నీకు చెప్పమన్నాడు."

శివరాజ్ మొహం వెలిగిపోయింది.

"వాడిపోదన్నాడా? చూసినావా! ముఖేశ్ మనిషే ఒప్పుకున్నాడు!"

"సంచి?"

"సాంపిల్ డబ్బాలయుంటాయి. ఎవురికి కావాల!" అని కాలితో బల్ల కిందికి తోసేశాడు.

నలభై పటాలూ పాత ఇంకుతోనే వేశాడు. మొహాలు మిలమిలా మెరిశాయి. మారియప్ప మురిసిపోయి పట్టుకుపోయాడు.

ఎండాకాలం గడిచింది.

మారియప్ప గోనెసంచితో వచ్చి, టైల్స్ అన్నీ షాపు గడపలో కుమ్మరించాడు.

"యాడన్నా ఒక్క మొగం ఉండాదా చూడు! పటాలు పెట్టించుకున్నోళ్లు మా అమ్మ యాడ, మా నాయన యాడ అని నా మీద పడి ఏడుస్తా ఉండారు. ఏం చెప్పాలప్పా నేను?"

అన్నీ నీలం మరకలే. అందులో ఆడెవరో మగెవరో దేవుడికే తెలియాలి.

"ఇంక ఎవురూ నీ గడప తొక్కరు. నేను తొక్కనియ్యను!"

ఆయన అటు పోగానే శివరాజ్ పెళ్లాం మీదికి తిరిగాడు.

"వాడదన్నాడంటివే!"

"అన్నాడు! ఈ చెవులతోనే విన్నాను."

"ఆయప్ప ఏమన్నాడో అట్లే చెప్పు."

"'ఆ ఇంకు వాడద్దని చెప్పమ్మా' అన్నాడు."



సుగంధి పుట్టింటి తమిళంలో 'వాడాదు' అంటే వాడిపోదని. పెద్దాయన చెప్పిన తెలుగు 'వాడద్దు'ని ఆమె అదే అనుకుంది.

"అయ్యో... పొయ్యద్దు అన్నాడే! వాడద్దు అన్నాడే!"

శివరాజ్ బల్ల కింద దూరి దుమ్ముపట్టిన సంచిని లాగాడు. ముడి విప్పాడు.

లోపల డబ్బా లేదు. ఒకే ఒక టైలు. బొమ్మ ఎండకు తెల్లగా పోయింది. ఒక మూల చీరంచు మాత్రం నీలంగా మిగిలింది.

వెనక్కి తిప్పితే తన రాతే ఉంది: "ఒకటో నంబరు. నాగక్క, అత్తిముగం. బోణీ."