జవాబిచ్చిన ఇల్లు

“స్వెటర్ ఎందుకండీ, పోయేది రెండు రోజులకేనాయె,” అంది కల్పలత.

“ఆ ల్యాబ్‌ల ఏసీకి వేళ్లు కొంకర్లు పోయినయని పోయినసారి నువ్వే అన్నవు.” హరికిషన్ స్వెటర్ మడిచి భార్య బ్యాగులో పెట్టాడు. అంతకుముందు రెండుసార్లూ ఆ బ్యాగు ఆమే సర్దుకుంది.

నెట్‌వర్కింగ్‌లో అన్నిటికన్నా పెద్ద సర్టిఫికెట్ అది. బెంగళూరులో ఎనిమిది గంటల ప్రాక్టికల్. రెండుసార్లు తప్పింది. వచ్చే నెల కంపెనీలో తీసేసేవాళ్ల లిస్టు తయారవుతుందట. ఈ కాగితం ఉంటే తన పేరు అందులో ఉండదని ఆమె ఆశ.

“ఆఫీసుల పిల్లలు నవ్వుతున్నరు. ‘అంతా ఏఐ చూసుకుంటది మేడం, ఇంక ఆ సర్టిఫికెట్ ఏం జేసుకుంటరు’ అంటున్నరు. మీరేమంటరు? పోవాల్నా?”

“మూడేండ్లు చదివినంక ఇప్పుడా అడుగుడు? పో. పోకుంటే జిందగీ అంతా నన్నే అంటవు.”

మల్కాజ్‌గిరిలోని ఆ చిన్న ఫ్లాటులో ఒక గది నిండా ఆమె ప్రాక్టీసు యంత్రాలే. రాత్రింబవళ్లు వాటి ఫ్యాన్ల హోరు. మూడేళ్లుగా అతను హాల్లో పడుకుంటున్నాడు. అన్నం ఒక్కడే పెట్టుకుని తింటున్నాడు.

“వాటిని బంద్ చెయ్యకండి. అక్కడి నుంచి సుత ప్రాక్టీస్ చేస్త.”

“నేనేమన్న చూసుకోవాల్నా?”

“ఏం వద్దు. వాటంతట అవే నడుస్తయి.”

“అంటే ఇంట్ల మనిషితోని పనే లేదన్నట్టు.”

“షురూ చేసిండ్రా! ఈ ఒక్క పరీక్ష కానియ్యండి, అన్నీ అమ్మేస్త. రోజూ కాప్రా చెరువు దాక నడుద్దం.”

“పోయినసారి సుత గదే అన్నవు,” అంటూ అతను జిప్ లాగాడు.

ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆమెను రైలెక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. “ఈసారి పాసైతవు లతా. నిమ్మళంగ చెయ్యి.”

సోమవారం అతను ఫోనెత్తలేదు. సైలెంట్‌లో పెట్టి మరిచిపోవడం అతనికి అలవాటే. అయినా లాడ్జి గదిలో ఒంటరిగా మనసు నిలవక, ల్యాప్‌టాప్ తెరిచి ఇంట్లోని యంత్రాలకు పింగ్ కొట్టింది. పింగ్ అంటే, ఉన్నావా అని అడగడమే. రెప్పపాటులో జవాబు వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ వచ్చింది. ఇల్లు పలుకుతోంది కదా అని తేలికపడి చదువులో పడింది.

మంగళవారం పరీక్ష అయింది. ఆ సాయంత్రమూ అతను ఫోనెత్తకపోతే, ఇంటికెళ్లే చెబుదామనుకుంది. బుధవారం పొద్దున ఇంటికొచ్చే ఆటోలో ఉండగానే ఫలితం వచ్చింది. పాస్!

మెట్లు పరుగున ఎక్కింది. తలుపుకు తాళం. లోపల ఫ్యాన్ల హోరు.

పక్క ఫ్లాటు దేవమ్మ మూడు పాల ప్యాకెట్లు పట్టుకుని వచ్చింది. “ఇద్దరు కల్సి పోతున్నమని జెర చెప్పొద్దా బిడ్డా? సోమారం నుంచి మీ పాలు మా ఫ్రిజ్‌ల పెడుతున్న.”

ఆదివారం ఆమెను రైలెక్కించిన హరికిషన్ స్టేషన్ నుంచి అటే వెళ్లిపోయాడు, మళ్లీ ఎన్నడూ ఆ ఇంటికి రాలేదు.