డబ్బాలావిడ

“ఆ పెంట డబ్బా నా గుడ్డల దగ్గర పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

అత్తగారు కుట్టుమిషన్ ఆపి మరీ అరిచింది.

వచ్చినావిడ నాలిక కరుచుకుని, మంచుపెట్టెను బల్ల మీద నుంచి తీసి నేల మీద పెట్టింది.

ఆస్పత్రి పరిశోధన విభాగం మనిషి ఆవిడ. కడుపుతో ఉన్న కోడలి మలం నమూనాను చిన్న డబ్బాలో పట్టి, మంచుపెట్టెలో పెట్టి తీసుకెళ్లడం ఆవిడ పని. మూడో నెలలో కోడలే సంతకం పెట్టి ఒప్పుకుంది. మొదట్లో నెలకోసారి వచ్చేది. ఐదో నెల దాటాక ప్రతి మంగళవారం పొద్దున్నే దిగబడుతోంది. పేరు చెప్పింది గానీ అత్తగారు గుర్తుపెట్టుకోలేదు. డబ్బాలావిడ అనేసి చేతులు దులుపుకుంది.

“ఇంతకీ అందులో ఏం వెతుకుతారే తల్లీ?”

“పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి పిన్నిగారూ. కడుపుతో ఉన్నప్పుడు అవి మారతాయట. వాటికీ మనసులో దిగులుకీ లంకె ఏమైనా ఉందేమోనని చూస్తున్నారు.”

“దిగులు పేగుల్లో ఉంటుందా? చోద్యం!”

“భయమేస్తే మీకు కడుపులో తిప్పదూ?”

అత్తగారు సూదిలో దారం ఎక్కించింది. తిప్పుతుంది మరి.

“సరే సరే, పని చూసుకుని పో. డబ్బా ఉంది కాబట్టి రానిస్తున్నా. కబుర్లకైతే గుమ్మం తొక్కనివ్వను.”

ఐదో నెల నుంచే కోడలు మంచం దిగడం మానేసింది. నవ్వుతూ తుళ్లుతూ పది కాజాలు కుట్టేసే పిల్ల, గోడకేసి తిరిగి పడుకుంటోంది. పిలిస్తే పలకదు. పెడితే తినదు.

“ఒట్టి బద్ధకం. మేం కనలేదా?” అనేది అత్తగారు.

డబ్బాలావిడ మాత్రం లోపలికెళ్లగానే కిటికీ తీసేది. “లేమ్మా, కాసేపు ఎండలో నడిచాకే నమూనా పట్టాలి” అనేది. చెయ్యి పట్టుకుని పెరట్లో నాలుగు చుట్లు తిప్పేది. తర్వాత పక్కన కూర్చుని ఏవో ప్రశ్నలు.

“ఈ వారం ఎన్ని రాత్రులు నిద్రపట్టింది? ఎప్పుడైనా నవ్వొచ్చిందా?”

“వచ్చింది, ఒక్కసారి. మా అత్తయ్య మా ఆయన చొక్కాకి జేబు వీపు మీద కుట్టినప్పుడు.”

అవతల గదిలో అత్తగారికి ఒళ్లు మండింది. ఆ పిల్ల గొంతు విని నెలయిందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఎనిమిదో నెలలో ఒక మంగళవారం, డబ్బాలావిడ లోపలి నుంచి గబగబా వచ్చింది.

“పిన్నిగారూ, ఈ పిల్లని ఒంటరిగా వదలకండి. బతకాలని లేదంటోంది. ఇప్పుడే మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం.”

“మా ఇంటి పిల్లకి పిచ్చని ముద్రేస్తావా? పెంట మోసేదానివి, నీకెందుకే మనసుల సంగతి?”

“తిట్టండి. తిడుతూనే చెప్పులేసుకోండి.”

ఆ మాట విన్న కొడుకు అప్పటికే ఆటో పిలిచాడు. పెళ్లాన్ని పొదివి పట్టుకుని ఎక్కించాడు. అత్తగారి కోపమంతా మంచుపెట్టె మీదికి మళ్లింది. దాన్ని ఎత్తి వీధిలోకి విసిరేసింది.

“మళ్లీ ఈ గడప తొక్కావో, చూడు!”

డబ్బాలావిడ మళ్లీ తొక్కలేదు.

డాక్టరు మందులిచ్చాడు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడాడు. మెల్లగా కోడలు తేరుకుంది. పండంటి ఆడపిల్లని కంది.

బిడ్డకి మూడో నెల వచ్చాక, ఒకనాడు కోడలు కాజా కుడుతూ కుడుతూ అంది:

“అత్తయ్యా, ఆ రోజు ఆవిడ లేకపోతే నేనూ లేను, ఇదీ లేదు.”

మిషన్ మీద అత్తగారి కాలు ఆగిపోయింది.

మర్నాడే ఆస్పత్రికి వెళ్లింది. పరిశోధన విభాగంలో గుమస్తా ఒక్కడే ఉన్నాడు.

“మంచుపెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చే అమ్మాయి కావాలి బాబూ. నోరు జారాను. ఒక మాట చెప్పుకోవాలి.”

“ఆవిడ మానేసి రెండు నెలలైందమ్మా. ఏ ఊరెళ్లిందో కూడా తెలీదు. మీ కోడలి పేరేంటి?”

చెప్పింది. అతను కంప్యూటర్లో వెతికాడు.

“ఈ పేరు ఐదో నెలలోనే కొట్టేశాం కదా! ఏదో ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్స్ వాడారు. అవి వాడితే పేగుల్లో జీవులు తారుమారైపోతాయి, ఆ నమూనా మాకు పనికిరాదు. తర్వాత మీ ఇంటినుంచి ఒక్క డబ్బా కూడా రాలేదు.”

“అదేంటి బాబూ! ఎనిమిదో నెలదాకా ఒక్క మంగళవారం తప్పలేదే! మీరు పంపకపోతే ఎవరు పంపినట్టు?”

గుమస్తా పాత డ్యూటీ పుస్తకం తీసి నాలుగు పేజీలు తిప్పాడు. ఆవిడ పేరు దగ్గర వేలు పెట్టి చూపించాడు.

“మంగళవారం ఆవిడకి సెలవమ్మా.”