తెగని తగువు

"ముందు వాడికి పోశావు. ఇక మాటల్లేవు," అంటూ టీ గ్లాసు పక్కకు నెట్టి లేచాడు దీరియె.

"వయసులో పెద్దవాణ్ణి, నాకే పోస్తారు," అన్నాడు వార్సమె, గోరింటతో ఎర్రబారిన గడ్డం నిమురుకుంటూ.

"నువ్వు పెద్దవాడివా? నువ్వు పుట్టింది కరువు ఏడు. నేను పుట్టింది దానికి ముందొచ్చిన వానల ఏడు."

టీ పోసిన సగల్ తల పట్టుకుంది. బ్రిస్టల్‌లో పెరిగి, అక్కడే బడిలో పాఠాలు చెబుతూ, తెగల మధ్య రాజీ కుదిర్చే ఒక సంస్థ తరఫున తాతల ఊరికి వచ్చిందామె. ఊరి నీళ్ళగుంట ఎవరిదన్నది తగువు. రెండు తెగలకీ చెరో పెద్ద ఈ ఇద్దరు. రెండు వారాల్లో తేల్చేసి తిరిగి విమానం ఎక్కుదామనుకుంది. మొన్న నీడలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర, నిన్న ఎవరి ఒంటె ముందు అరిచిందన్న దగ్గర మాటలు ఆగిపోయాయి.

"సరే తాతా, రేపు మళ్ళీ కూర్చుందాం," అంది.

"అందాకా ఊరికే ఉండి ఏం చేస్తావులే తల్లీ, పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పు," అన్నాడు దీరియె.

ఉన్న ఒక్క పంతులూ పడవెక్కి ఇటలీ పోయినప్పటి నుంచి బడికి తాళమే. ఈ ఒక్క మాటకి మాత్రం వార్సమె అడ్డు చెప్పలేదు.

రెండు తెగల పిల్లలూ ఒకే గదిలో చేరారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఒకరి పలకలో ఒకరు చూసి రాసుకునేంత స్నేహం కుదిరింది. పిల్లలకి కుదిరింది ముసలాళ్ళకి ఎందుకు కుదరదో సగల్‌కి అంతుపట్టలేదు. టికెట్టు ఒకసారి వాయిదా వేసింది. మరోసారి వేసింది. వానలు కూడా వచ్చి వెళ్ళాయి. చివరికి సంస్థవాళ్ళు ఫోన్ చేసి, "అది తెగేది కాదు, వచ్చెయ్," అన్నారు.

బడి వదిలాక మునా అనే పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వూ పడవెక్కుతావా టీచర్?"



మర్నాడు పొద్దున్నే పెద్దల ముందు నిలబడి చెప్పేసింది. "మీరిద్దరూ చేతులు కలిపేదాకా నేను ఊరు కదలను. ఎన్నేళ్ళయినా సరే."

"వాడితోనా? చచ్చినా కలపను," అన్నాడు దీరియె.

"నేను చచ్చాక కూడా కలపను," అన్నాడు వార్సమె.

సగల్ నిట్టూర్చి, సుద్దముక్కల డబ్బా తీసుకుని బడివైపు నడిచింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి, వార్సమె మెల్లగా దీరియె దగ్గరికి జరిగాడు.

"రేపు దేనిమీద పోట్లాడుకుందాం, బావగారూ?"